కృష్ణలో జారిన మగ్గం గుంట

ఏది ముందు జరిగిందో ఏది తర్వాతో ఈమధ్య నాకు తారుమారవుతోంది. విశాఖపట్నం మీద జపానువాళ్ళు బాంబులు వేసిన ఏడే మా రావమ్మత్త వాళ్ళు బెజవాడ వదిలారా, ఆ మరుసటి ఏడా, గట్టిగా చెప్పలేను. వదిలింది మాత్రం ఆ భయంతోనే. అద్దె ఇల్లు ఖాళీ చేసి, మగ్గం విప్పి, కృష్ణ దాటి మంగళగిరి వచ్చిపడ్డారు. ఇంటాయన మాణిక్యం గారి దగ్గర పదిహేను రూపాయల అడ్వాన్సు ఉండిపోయింది.

రావమ్మ ప్రాణమంతా ఆ పదిహేను మీదే. యుద్ధం రోజులు, రొక్కం చేతిలో పెడితేగాని షావుకారు నూలు చూపించేవాడు కాదు. కొత్త ఇంట్లో మగ్గమైతే బిగించారు గాని దాని మీద పోగు లేదు. వీధంతా మగ్గాల మీద నాడెల చప్పుడు వినిపిస్తుంటే తన ఇల్లొక్కటీ చప్పుడు లేకుండా ఉండడం ఆవిడకి అప్పు కన్నా పెద్ద అవమానంగా ఉండేది. మొగుడు భావనారాయణని రెండుసార్లు బెజవాడ పంపింది. రెండుసార్లూ "రేపిస్తానన్నాడు" అంటూ వచ్చాడు. మూడోసారి వెళ్ళొచ్చి, కాళ్ళు కడుక్కుని, అన్నం తిని, డబ్బు మాట మాత్రం ఎత్తలేదు. అడగబోతే, రేపు అరుగు మీద చెప్తాను, నలుగురితోపాటు నువ్వూ విందువుగాని అన్నాడు. అప్పుడే ఆవిడకి అనుమానమొచ్చింది. ఇంట్లో చెప్పుకోలేని సంగతే ఆయన అరుగు మీద చెప్పేది.

మర్నాడు అమావాస్య. అమావాస్య నాడు నేతవాళ్ళు మగ్గం మీద చెయ్యి వెయ్యరు. పొద్దువాలేసరికి వాళ్ళ అరుగు నిండింది. పక్కింటి పుల్లయ్య వచ్చాడు. ఆయన కొత్తల్లుడు మల్లేశ్వరరావు కూడా వచ్చి ఓ మూల కూర్చున్నాడు. బెజవాడలో నేత నేసుకునే కుర్రాడు, మగ్గం ఖాళీ కదా అని పెళ్ళాన్ని తీసుకెళ్ళడానికి వచ్చాడు. మామగారి ముందు నోరెత్తే రకం కాదు. రావమ్మ లోపల తలుపు వారగా చేట ముందేసుకుని కూర్చుంది, ఏరడానికి అందులో బియ్యం పెద్దగా లేకపోయినా.

"ఏం లేదర్రా," అని భావనారాయణ చాలా నెమ్మదిగా ఎత్తుకున్నాడు. "వెళ్ళాను. గుమ్మం ముందు నిలబడ్డాను. మాణిక్యం గారూ, నా డబ్బు అన్నాను. అంతే."

"అంతేనా?" అన్నాడు పుల్లయ్య.

"అంతే అయితే నీకెందుకు చెప్తాను బావా. ఆయనేమన్నాడూ, ఇంట్లో మగ్గం గుంట తవ్వి నేల పాడుచేశావు, నీ గుంట పూడ్చడానికే నీ పదిహేనూ చెల్లు అన్నాడు."

నేతవాడు నేల మీద కూర్చుని, కాళ్ళు గుంటలోకి దింపి మగ్గం తొక్కాలి కదా. ఏ ఇంట్లో దిగినా మొదట తవ్వుకునేది ఆ గుంటే. ఈ ఒక్క ముక్కా నిజమై ఉంటుందని రావమ్మకి తెలిసిపోయింది. చేటలో చెయ్యి ఆగిపోయింది.

"నీ గుంట అన్నాడా లేదా? ఆ మాట పట్టుకున్నాను. గుంట నాదే కదండీ అంటే నీదే అన్నాడు. నలుగురూ విన్నారు. అయితే నా సామాను నేను పట్టుకుపోతానన్నాను. ఆ తర్వాత ఏం చేశానో తెలుసా? గునపం పుచ్చుకుని చుట్టూ నాలుగు పోట్లు పొడిచి, పనసపండులోంచి తొన ఊడదీసినట్టు గుంటని ఊడదీసి భుజానేసుకున్నాను."

"గుంట తీస్తే దాని చోట ఇంకా పెద్ద గుంట పడదూ?"

"ఎలా పడుతుంది బావా? గుంట నా భుజం మీదుంటే అక్కడెక్కణ్ణించొస్తుంది? నేల అద్దంలా చదునైపోయింది, అలుక్కోవడమే తరువాయి. బరువంటావేమో, మట్టికి బరువు గాని గుంటకి బరువేమిటి? పైగా ఎండన పడి నడుస్తుంటే భుజం మీద చల్లగా ఉంది."

అక్కణ్ణించి ఆయనకి అడ్డు లేకపోయింది. విమానాలొస్తే జనం దాక్కోడానికి ఊళ్ళో గుంటలు తవ్విస్తున్న ఏఆర్‌పీ వాళ్ళు వెంటపడ్డారట. తవ్వే పని లేకుండా తయారు గుంట దొరికింది, యాభై ఇస్తాం, దింపండి అన్నారట. మగ్గం తొక్కుడు చెక్కలాడే గుంటలో తొక్కిసలాట పెట్టనని ఈయన కదిలిపోయాడట. రేవులో గుంటని పడవలో పెడితే పడవకి చిల్లు పడింది. పడదూ మరి, గుంటాయె. నీళ్ళు తన్నుకొస్తుంటే జనం గొల్లుమన్నారు. ఈయన తొణకలేదు, గుంటని బోర్లించాడు. గుంట బోర్లిస్తే దిబ్బేగా, అందరూ ఆ దిబ్బెక్కి కూర్చున్నారు.

"ఆ తర్వాత ఏమైందో తెలుసా? నడి ఏట్లో ఎవరో ముసలమ్మ తుమ్మింది. గుంట జారి కృష్ణలో పడింది. వెల్లకిలా పడింది. పడేసరికి ఏరు మొత్తం సుడి తిరిగి అందులోకి దిగిపోయింది. పడవ ఇసకలో కూర్చుంది. చేపలు గిలగిలా కొట్టుకుంటున్నాయి. ఆనకట్ట దగ్గర నీళ్ళు లేవు, బందరు కాలవలో నీళ్ళు లేవు, దివిసీమ దాకా నారుమళ్ళు నెర్రెలిచ్చాయి. ఆనకట్ట చూసే దొరగారు గుర్రమేసుకొచ్చి, భావనారాయణ గారూ, మీ గుంట తీసుకోండి, మా కృష్ణ మాకిప్పించండి అన్నాడు. నేనేమన్నాను? మాణిక్యాన్ని పిలిపించండి అన్నాను. ఆయనకీ ఉందిగా కాలవకింద పొలం. ఇసకలో పడుతూ లేస్తూ పరుగెత్తుకొచ్చాడు, పదిహేనుకి ముప్పై పట్టుకుని. అప్పుడు గుంట వంచాను. ఏరు ఏరులా పారింది."

"మరి ఆ ముప్పై ఏవి బావా?" అన్నాడు పుల్లయ్య.

తలుపు వారన రావమ్మ ముందుకు వంగింది.

భావనారాయణ పైపంచె దులుపుకున్నాడు. "కాళ్ళ మీద పడ్డాడు. పోనీలే, పిల్లలుగలవాడని వదిలేశాను."

అప్పుడు మూలన మల్లేశ్వరరావు కాస్త సర్దుకున్నాడు. "బాబాయి గారూ, తమరు చెప్పేది వన్‌టౌనులో మాణిక్యం గారి పెంకుటిల్లేనాండీ?"

"అదే అబ్బాయీ."

"మొన్న పౌర్ణమికి అందులో నేనే దిగానండీ. నిన్న సాయంత్రం దాకా నా కాళ్ళు ఆ గుంటలోనే ఉన్నాయి."

అందరూ భావనారాయణ వంక తిరిగారు. తను చేసింది తప్పేమోనని మల్లేశ్వరరావు మామగారి వంక చూసి, సర్దిచెప్పబోయి ఇంకో మాట కూడా అనేశాడు. "మంచి గుంటండీ. తయారుగా ఉందని మాణిక్యం గారు నా దగ్గర అయిదు రూపాయలు ఎక్కువ కూడా పుచ్చుకున్నారు."

పుల్లయ్య ఉత్తరీయం నోటికి అడ్డం పెట్టుకున్నాడు, అయినా నవ్వు ఆగలేదు. వీధి వీధంతా నవ్వింది. భావనారాయణ తలెత్తలేదు. రావమ్మ మాత్రం నవ్వలేదు. మగవాళ్ళున్న అరుగు మీదికి ఎన్నడూ రాని మనిషి, చేట పక్కన పెట్టి వచ్చి నిలబడింది.

"ఆయన మీతో నిజంగా ఏమన్నాడు?" అని మొగుణ్ణి అడిగింది.

"పూడ్పించేశాను, మట్టికీ కూలికీ పదిహేనూ అయిపోయాయి అన్నాడే. లోపలికి రానివ్వలేదు. గుమ్మంలోంచే వచ్చేశాను." ఆ గొంతు అరుగు మీద ఎవరూ ఎప్పుడూ విని ఉండరు. "నీతో ఎలా చెప్పను?"

"పూడ్చిన గుంటలో ఈ అబ్బాయి కాళ్ళు పట్టాయి," అంది రావమ్మ. "రేపు నేనూ పడవెక్కుతాను."

ఎక్కింది. వెనక మల్లేశ్వరరావు, ఆ వెనక భావనారాయణ. మాణిక్యం గారి అరుగు మీద నలుగురు పెద్దమనుషులుండగా ఆవిడ గట్టిగా ఏమీ అనలేదట. పూడ్పించారట కదండీ, ఎలా పూడ్చారో ఓసారి చూసి పోతాను అందట. ఆయన ముందు పది తీశాడు. ఆవిడ గుమ్మం ముందే కదలకుండా కూర్చుంది. మిగతా అయిదూ వచ్చాయి. మల్లేశ్వరరావు దగ్గర పుచ్చుకున్న అయిదు మటుకు అద్దెలో తగ్గించాడని కొందరు, తగ్గించలేదని కొందరు అంటారు.

తిరుగు పడవలో భావనారాయణ పడవవాడి పక్కన చేరాడు. మా ఆవిడ సంగతి నీకు తెలీదోయ్, ఇవాళ ఆవిడ ఒక్క మాటంటే బెజవాడ కొండ రెండు బారలు పక్కకి జరిగింది అని మొదలెట్టాడు. పదిహేనూ కొంగున ముడేసుకుని కూర్చున్న రావమ్మ నీళ్ళకేసి చూస్తూ వింది. ఆపలేదు.

సుందరీ, రావమ్మత్త మనవరాలివి, నీకు తెలిసే ఉంటుంది. పుల్లయ్య గారల్లుడు మల్లేశ్వరరావా, అంకమ్మరావా? ఇంటాయన పేరు మాణిక్యమేనా? ఓసారి చూసి, తప్పుంటే దిద్ది పెట్టమ్మా.