ముప్పై ఎనిమిది రోజుల సంజాయిషీ

అధ్యక్షత వహించిన ఫాదర్ లియో గారికీ, ఇరవై ఆరేళ్లుగా మా సహాయ కేంద్రానికి ఈ చర్చి నేలమాళిగ ఇచ్చి అందులో హీటరు మాత్రం ఇవ్వని పారిష్ పెద్దలకూ (నవ్వులు), సోమవారం నుంచి నా కుర్చీలో కూర్చోబోయే నదీరాకూ, ఈ ఈరీ ఊళ్లో పెళ్లి చేసుకుని, చేసుకున్నది నిజం పెళ్లేనని అమెరికా సర్కారును నమ్మించడానికి నా బల్ల ముందు బారులు తీరి, నా చేత చీవాట్లు తిని, అయినా ఇవాళ నా మీద ప్రేమతో పియెరోగీ కుడుములు వండుకొచ్చిన దంపతులందరికీ బెర్నడీన్ సోబ్చాక్ నమస్కారాలు.

ఫాదర్ లియో నన్ను మరీ ఎత్తేశారు. ‘బెర్నడీన్ దగ్గర ఒక్క తేదీ కూడా తప్పిపోలేదు’ అన్నారు. ఆయన ఆ మాట అంటుంటే నేను ఈ మంచినీళ్ల గ్లాసు ఎందుకు పట్టుకున్నానో, తాగడానికో, మొహం దాచుకోవడానికో నాకే తెలియలేదు. నేను రాసుకొచ్చిన వీడ్కోలు ఉపన్యాసం వేరే ఉంది. బాగానే ఉంది, రెండు చోట్ల మీరు ఏడ్చేవారు కూడా. కానీ మంగళవారం నుంచి నా బుర్ర నా దగ్గర లేదు. అంచేత ముందువి వెనకా, వెనకవి ముందూ చెబితే ఏమీ అనుకోకండి. అసలు సంగతి ముందే చెప్పేస్తాను. నా భర్త రెండేళ్ల గ్రీన్ కార్డు గడువు తీరిపోయి ఇవాళ్టికి ముప్పై ఎనిమిది రోజులు. ఆ కార్డు మీది షరతులు తీసేసి పదేళ్ల కార్డు ఇవ్వమని భార్యాభర్తలిద్దరూ సంతకాలు చేసి పెట్టాల్సిన దరఖాస్తు మేం పెట్టలేదు. పెట్టామనే అనుకున్నాను. (హాల్లో గుసగుసలు)

అవును, భర్తే. నదీరా, నోరు మూసుకో అమ్మా, ఈగలు దూరతాయి. (నవ్వులు) మూడేళ్ల నాలుగు నెలల కిందట చేసుకున్నాను. అప్పటికి నాకు అరవై రెండు. మీరంతా నన్ను మిస్ సోబ్చాక్ అంటూనే ఉన్నారు, నేను పలుకుతూనే ఉన్నాను. ఆయన పేరు ఓస్బర్ట్ క్వాషీ, కరేబియన్ దీవి టొబాగో మనిషి. ఈ హాల్లోనే ఉన్నాడు, వెనక కోట్లు తగిలించిన గోడ దగ్గర. అయ్యో, అందరూ ఒక్కసారే వెనక్కి తిరగకండి, ఆయనకి మొహమాటం. మీకు తెలిసిన మనిషే. పేముతో కుర్చీలు అల్లుతాడు. మా ఇంటి మేడ మీద అద్దెకుండే ఆయన అని మీరనుకుంటారు. మీరు అలా అనుకోవాలనే నేను అనుకున్నాను.

ఈ గొడవ తెలియని కొత్తవాళ్ల కోసం ఒక్క ముక్క. పెళ్లయి రెండేళ్లు నిండకుండా కార్డు వస్తే అది రెండేళ్ల కార్డు, షరతుల కార్డు. దాని మీద గడువు తేదీ ఉంటుంది. ఆ తేదీకి ముందు తొంభై రోజుల లోపల కాగితాలు వెళ్లాలి. అంతకు ఒక్కరోజు ముందుగా వెళ్లినా కట్ట కట్టి తిప్పి పంపుతారు. గడువు దాటాక వెళితే ‘ఎందుకు ఆలస్యం?’ అంటారు, సంజాయిషీ రాయాలి, వాళ్లు ఒప్పుకుంటే ఒప్పుకున్నట్టు, లేకపోతే మనిషిని జడ్జి ముందు నిలబెట్టి వెళ్లిపొమ్మన్నా అనవచ్చు. ఈ ముక్క ఈ హాల్లో నేను ఎన్ని వందల సార్లు చెప్పానో. ‘కార్డు మీద తేదీ చూడండి! పెళ్లిరోజు కాదు, ఇంటర్వ్యూ రోజు కాదు, కార్డు మీద తేదీ!’ అని అరిచి అరిచి నా గొంతు ఇలా అయింది.

రుజువుల సంగతీ అంతే. ఇద్దరి పేర్ల మీద ఇంటి కాగితం తెండి, బ్యాంకు పుస్తకం తెండి, కరెంటు బిల్లు తెండి, ఫొటోలు తెండి, మిమ్మల్ని ఎరిగినవాళ్ల చేత సాక్ష్యం రాయించి తెండి. ఆ ముందు వరసలో టెస్ఫాయె ఉన్నాడే, లారీ నడిపే మన టెస్ఫాయె, తన బావమరిది కోసం సాక్ష్యం రాసుకొచ్చాడు. ‘వీరిద్దరూ ఒకరినొకరు ప్రాణంగా చూసుకుంటారు’ అని. విసిరికొట్టాను. మళ్లీ వచ్చాడు, ‘స్వర్గంలో కుదిరిన జంట’ అని. మళ్లీ విసిరికొట్టాను. ‘స్వర్గంలో నువ్వు చూసొచ్చావా? నీ కళ్లతో ఏం చూశావో అది రాయి!’ అన్నాను. మూడోసారి ఏం రాశాడో ఇప్పటికీ నాకు కంఠతా వచ్చు: ‘మా బావమరిదికి ఉల్లిపాయ పడదు. ఆయన అడగకముందే భార్య ఆయన కంచంలోంచి ఉల్లిపాయలు ఏరి తన కంచంలో వేసుకుంటుంది. పోయిన ఏడాది ఈస్టరుకీ చూశాను, ఈ ఏడాదీ చూశాను.’ అదీ సాక్ష్యం అంటే. టెస్ఫాయె, నువ్వు సిగ్గుపడకయ్యా. ఆరోజు నువ్వు వెళ్లాక తలుపేసుకుని నేను ఏడ్చాను. ఎందుకు ఏడ్చానో మటుకు తెలియలేదు.

మరి ఇన్ని నీతులు చెప్పే మనిషివి, నీ సొంత రుజువులేవమ్మా అంటే, లేవు. ఇద్దరి పేర్ల మీద కాగితం ఒక్కటీ లేదు. ఇల్లు నా పేరు, మేడ మీద వాటా అద్దె కాగితం ఆయన పేరు. పెళ్లి పక్క జిల్లా కోర్టులో, దారిన పోయే ఇద్దర్ని సాక్షులుగా పిలిచి చేసుకున్నాం. ఉన్నది ఒకే ఒక్క ఫొటో, అందులోనూ నా కళ్లు మూసుకున్నాయి. రోజూ కింద నా వంటింట్లోనే తింటాడు, కిందే ఉంటాడు, ఎవరైనా తలుపు తడితే మాత్రం పైకి వెళ్లిపోతాడు. వెళ్లిపొమ్మని నేనే చెప్పాను.

ఎందుకని అడగండి. నేనూ మంగళవారం నుంచి నన్నే అడుగుతున్నాను. సిగ్గు అంటే సరిపోదు. నేనేమో కాగితాలు కుదిర్చే మనిషిని. ఆయనేమో అన్నగారిని చూడ్డానికి వచ్చి, ఉండిపోవడానికి దారి లేక తిరిగి వెళ్లాల్సిన మనిషి. మేం చేసుకున్నామని తెలిస్తే ఈ ఊరు ఏమంటుంది? ‘చూశావా, ఆ టొబాగో ఆయన సరైన చోటే కన్నేశాడు’ అంటుంది. ‘ముసలిదానికి తోడు, అతనికి కార్డు’ అంటుంది. మీరెవరూ అనేవారు కాదని ఇప్పుడు తల అడ్డంగా ఊపుతున్నారు. మీ బంధువుల పెళ్లిళ్ల గురించి నా బల్ల ముందు కూర్చుని మీరేమన్నారో నాకు గుర్తుందండోయ్! (నవ్వులు) నవ్వకండి. నేనూ అన్నాను. ఇరవై ఆరేళ్లు ప్రతి జంటనూ ఎగాదిగా చూసి, ఇది నిజమా కాదా అని లోపల తూకం వేశాను. ఆ చూపు నా మీద పడుతుందంటే తట్టుకోలేకపోయాను. అంతే కాబోలు. లేక ఇంకేమైనా ఉందేమో.

ఇప్పుడు తేదీ సంగతి. రెండేళ్ల కిందట జూలై పదకొండున ఇంటర్వ్యూ అయింది. ఆఫీసరమ్మ నవ్వుతూ ‘అంతా బాగుంది’ అంది. బయటికొచ్చాక, కార్ల పార్కింగులో, పట్టపగలు, ఆయన నా చెయ్యి పట్టుకున్నాడు. నేను విడిపించుకోలేదు. మూడేళ్లలో మేం బయట చెయ్యి పట్టుకు నడిచింది ఆ ఒక్కరోజే. నా బుర్రలో కార్డు అంటే ఆ రోజే అయిపోయింది. కార్డు మీద తేదీ ఆగస్టు ఇరవై ఎనిమిది. నేను లెక్కపెట్టింది జూలై పదకొండు నుంచి. నేను! మీ అందరి మీదా అరిచిన నేను! ఏప్రిల్లోనే ఇద్దరం సంతకాలు చేసి కాగితాలు పంపేశాం, ఆ తొంభై రోజులు మొదలవడానికి నెలన్నర ముందుగా.

మా ఆఫీసులో చిన్నపిల్లనడిగినా చెబుతుంది, పలచటి కవరు వస్తే రసీదు, మందపాటి కవరు వస్తే మన కాగితాలే తిరిగొచ్చినట్టు అని. మే నెలలో ఒకరోజు అడిగాను, ‘సర్కారు నుంచి కవరు ఏమైనా వచ్చిందా?’ అని. ‘వచ్చింది బెర్నీ, లావుపాటిది, పైన జాగ్రత్త చేశాను’ అన్నాడు. లావుపాటిది అన్నాడు, నేను విన్నాను. విని, ‘మంచిది’ అన్నాను! ఆయన తెరవలేదు, కాగితాలన్నీ నా శాఖ అని ఆయన నమ్మకం. నేను పైకి వెళ్లి చూడలేదు. ఎందుకు చూడలేదంటే అంతకు ముందురోజు పోట్లాడుకున్నాం. కింది పోస్టు డబ్బా మీద నా పేరు పక్కన తన పేరు కూడా రాయమన్నాడు. ‘పోస్టుమాన్ ఏమనుకుంటాడు?’ అన్నాను. ‘మొగుడనుకుంటాడు’ అన్నాడు. వారం రోజులు మేడ మెట్లెక్కలేదు. తరవాత ఆ కవరు మాటే మరిచిపోయాను. ఎలా మరిచిపోయానంటే... తెలియదండీ. ఎన్నిసార్లు తిప్పి తిప్పి చూసినా నాకు అర్థం కావడం లేదు.

మొన్న మంగళవారం ఇక్కడి బల్ల సొరుగులు ఖాళీ చేసి ఇంటికెళ్లాక, రసీదు నకలు ఒకటి ఇంట్లో ఉంచుదామని, ఆ సర్కారు కవరు ఏదని ఆయన్ని అడిగాను. ఆయన పైనుంచి దించుకొచ్చాడు. ఇంత మందం. చించను కూడా లేదు. ఆయన మొహంలో నవ్వు చూడండి, ఎంత భద్రంగా దాచానో చూశావా అన్నట్టు.

మళ్లీ కొత్త దరఖాస్తు నింపాను. నేను సంతకం చేశాను. ఆయన చెయ్యలేదు. కేకలు వేసి ఉంటే బాగుండేది. నెమ్మదిగా అన్నాడు: ‘బెర్నీ, తేదీ తప్పినందుకు నాకు కోపం లేదు. ఆ కట్టలో ఏం పెడతావు చెప్పు. మనిద్దరం మొగుడూ పెళ్లాలమని ఈ ఊళ్లో ఎవరికి తెలుసు? లేని పెళ్లికి సంతకం ఎందుకు? నన్ను ఇంటికి పోనీ.’ ఇల్లు అంటే టొబాగో. నాలుగు రోజులుగా అదే మాట. సంతకం చెయ్యమని అడగడానికి నాకు మొహం లేదు. వద్దులే, వెళ్లు అనడానికి నోరు రావడం లేదు. కంచాలు రెండూ పెడుతున్నాను, ముట్టకుండానే రెండూ తీసేస్తున్నాను.

రుజువులు సరే. సంజాయిషీలో ఏం రాయాలి? జబ్బు చేస్తే జబ్బు చేసిందని రాయిస్తాను, చావు జరిగితే చావని రాయిస్తాను. దీనికేం రాయాలి? ‘భర్త ఉన్నాడని నలుగురికీ తెలుస్తుందన్న భయంతో భార్య మేడ మెట్లెక్కలేదు, అంచేత కవరు చూడలేదు’ అని రాయాలా? నిన్న పొద్దున అలాగే రాశాను. నదీరా, అది నీ బల్ల మీద మొదటి కాగితం. నాలాంటి ఆవిడ ఎవరైనా ఇలా రాసుకొస్తే నేను ఒప్పుకునేదాన్నో కాదో తెలియదు. నువ్వు చూసి చెప్పు, మొహమాటపడకు.

(హాల్లోంచి ఎవరో ఏదో అంటారు) ఏమిటి టెస్ఫాయె? గట్టిగా చెప్పు. ‘మేం సాక్ష్యం రాస్తాం మిస్, కానీ ఏం చూశామని రాయాలి?’ అంటున్నాడు. బాగా అడిగావు. నేర్పినదాన్ని నేనే కదా. మీరేమీ చూడలేదు, నేను చూడనివ్వలేదు. చూడనిది చూశామని ఒక్క అక్షరం రాసినా ఒప్పుకోను, నా సొంత మొగుడి కోసమైనా సరే.

ఓస్బర్ట్, ఇలా రా. కోటు తరవాత వేసుకుందువుగాని, ముందు ఇలా రా. ఫాదర్, కాస్త జరగండి. ఇదిగోనండీ, ఈయన ఓస్బర్ట్ క్వాషీ. నా భర్త. ఇదిగో, ఈయన చెయ్యి పట్టుకున్నాను. చేతులు పేముకు కోసుకుపోయి గరుకుగా ఉంటాయి, చలికాలం నేనే నూనె రాస్తాను. నాకు మోకాలు నొప్పి, పొద్దున నా బూట్ల తాళ్లకు ముడి ఈయనే వేస్తాడు. ఇవాళ కూడా వేశాడు, మాటలు లేకపోయినా. బాగా చూడండి. ఒక్క సాయంత్రం చూసింది మూడేళ్లకి రుజువు కాదు, అది నాకు తెలుసు. సర్కారు ఏమంటుందో నాకు తెలియదు. కానీ ఇవాళ్టికి ఇంతే చూపించగలను.

ఓస్బర్ట్, ఇంతమందిలో నిలబెట్టి నిన్ను ఇరికించడం లేదు. దరఖాస్తు ఈ సంచిలోనే ఉంది. నువ్వు ఇంటికే వెళతానంటే ఇక ఆ మాట ఎత్తను, విమానం దాకా నేనే వస్తాను, నీ చెయ్యి పట్టుకునే వస్తాను. ఉండమని మాత్రం అడుగుతున్నాను. కార్డు కోసం కాదు. నువ్వు పైకి వెళ్లిపోతే కింద నాకు బాగోలేదు. ముందే చెప్పాల్సిన మాట, నాకు చేతకాలేదు. (సంచిలోంచి దరఖాస్తు తీసి ఆయన ముందు పెడుతుంది)

అయ్యా, అమ్మా, మీ అందరికీ కృతజ్ఞతలు. ఫాదర్‌కీ, వంట చేసినవాళ్లకీ, నా కేకలు భరించినవాళ్లకీ పేరుపేరునా... ఉండండి, ఈయన ఏదో అంటున్నాడు. ఏమిటి? కాస్త గట్టిగా, వెనకవాళ్లకి వినబడాలి.

‘కలం ఉందా? సంతకం కింద తేదీ ఏం వెయ్యాలి?’ అంటున్నాడు.

ఇవాళ్టిదే వెయ్యి, ఓస్బర్ట్. ముందుదీ కాదు, వెనకదీ కాదు. అక్టోబరు అయిదు. నేను చూసుకుంటాను, నువ్వు వెయ్యి.

ఇక నన్ను పోనివ్వండి. మా ఇద్దరికీ సెలవు.