దిగిరాని రింగు

కోతలు కోయడానికి కత్తీ కొడవలీ అక్కర్లేదు, మోకాళ్ళు అరిగితే చాలు. నిలబడి చేసేదేమీ లేనప్పుడు కూర్చుని చెప్పుకునేదే మిగులుతుంది.

ఆ పొద్దున జిమ్నాస్టిక్స్ హాలు ఎదుట టీ కొట్టు బెంచీ మీద అలాగే కూలబడ్డాను. నా మోకాలు టక్కుమంటే కొట్టు బాబాయ్ బిస్కెట్ విరిగిందేమోనని సీసాలోకి చూశాడు. పక్కన మా అక్క కూతురు, ఒళ్ళో ఉత్తరం. పిల్లని జాతీయ జట్టులోకి తీసుకున్నారు, కాకపోతే ఆరోదానిగా. రింగులూ బంతులూ రిబ్బన్లూ ఒకరికొకరు విసురుకుంటూ ఆడేది ఐదుగురు. వాళ్ళలో ఎవరికైనా దెబ్బ తగిలితే ఆరోది దిగాలి, లేకపోతే కూర్చోవాలి. మధ్యాహ్నంలోగా సంతకం పెట్టకపోతే ఇంకొకరిని పిలుస్తారట. కొలతలకని మెడలో టేపు వేసుకుని టైలరక్క కూడా వచ్చేసింది. ముప్పై ఏళ్ళుగా జట్టు డ్రెస్సులన్నీ ఆవిడ చేతి కుట్టే.

"నేను వెళ్ళను పిన్నీ. నీళ్ళ సీసాలు మొయ్యడానికా?"

"ఒసేయ్, అది నేను పదకొండేళ్ళు ఏలిన జట్టే!" అని అందుకున్నాను. "ఊరికే ఒళ్ళు వేడెక్కడానికి రింగు విసిరితే పైకప్పు లైటుకి తగిలి దుమ్ము రాలేది."

"దుమ్ము మాత్రం నిజమేనమ్మా, ఇంకా రాలుతోంది," అన్నాడు హాలు వాచ్‌మన్.

"విను మరి. ఓసారి ఫైనల్లో బంతి విసిరాను. అది కిందికొచ్చేలోపు మూడు పల్టీలు కొట్టి, ఊడిన జడ అల్లుకుని, పక్కదాని జడపిన్ను సర్ది, ఇంకా రాలేదేమిటా అని నడుం మీద చెయ్యేసుకుని నిలబడ్డాను. చివరికి వస్తే మెడ వెనక పట్టాను. ఆ తర్వాత ఏమైందో తెలుసా? రిబ్బను! ఆరు మీటర్ల రిబ్బను తిప్పేసరికి సుడిగాలి లేచి జడ్జీల కాగితాలు ఎగిరిపోయాయి. పాపం వాళ్ళు వాటి వెనకాల ఎగిరెగిరి మార్కులు వేశారు, పదికి పన్నెండు. చాల్లేదని మర్నాడు మా గదికొచ్చి ఇంకో రెండిచ్చి వెళ్ళారు."

"టీ తాగే వెళ్ళారా?" అన్నాడు బాబాయ్.

"తాగారు, నీ టీ కాదు కాబట్టి రెండోసారీ అడిగారు. అసలుది నా ఆఖరి ఏడాది జరిగింది. పైకప్పులో కిటికీ తెరిచుంది, నేను చూసుకోలేదు, రింగు విసిరాను. అందులోంచి వెళ్ళిపోయింది. పాట ఆగింది, జనం లేచి నిలబడ్డారు, జడ్జీలు 'రింగు దిగాక మార్కులు' అని రాసుకుని ఇళ్ళకెళ్ళారు. అందులో ఇద్దరు రిటైరయ్యారు కూడా. నా పెళ్ళినాడు సైతం ఓ కన్ను పైనే పెట్టి నిలబడ్డాను. ఇప్పటికీ దిగలేదే!"

పిల్ల పెదవి కొస కాస్త వదులైంది. ఉత్తరం మడత విప్పింది. గెలిచాననుకున్నాను.

"ఐదు డ్రెస్సులు భుజాల దగ్గర చిరిగి, చెమటకి రంగు వెలిసి బాగుచెయ్యమని నా దగ్గరికి వచ్చేవి," అంది టైలరక్క, టీ ఊదుకుంటూ. "ఆరోది మాత్రం..."

"అక్కా, టీ చల్లారిపోతోంది."

"...కూర్చునే చోట అరిగి వచ్చేది. పదకొండేళ్ళూ నీ డ్రెస్సుకి నేనేసిన మాసికలన్నీ అక్కడేగా, అమ్మాయ్."

వాచ్‌మన్ దగ్గాడు. బాబాయ్ తుడిచిన గ్లాసే మళ్ళీ తుడిచాడు.

"నువ్వు ఆరోదానివా పిన్నీ?"

"ఊఁ."

"ఒక్కసారీ దిగలేదా?"

"ఐదుగురూ ఉక్కుపిండాలే. ఒక్కదానికి జలుబైనా చెయ్యలేదు." అబద్ధం చెప్పే ఓపిక కూడా అయిపోయింది. "ప్రాక్టీసు మాత్రం ఆరుగురం చేశాం. మోకాళ్ళు వాళ్ళతో సమానంగానే అరిగాయి. ఎవరి అడుగులు వాళ్ళకి వచ్చేవి. ఐదుగురివీ వచ్చింది నాకొక్కదానికే. ఇది కోత కాదే."

"కాదు," అంది టైలరక్క. "అది నేనూ చూశాను."

పిల్ల కాసేపు నా మోకాళ్ళ వైపు చూసింది. తర్వాత బాబాయ్ చెవి మీది పెన్ను లాక్కుని సంతకం పెట్టి, లేచి టైలరక్క ముందు చేతులు చాపి నిలబడింది.

"కొలతలు తీసుకో పెద్దమ్మా. కూర్చునే చోట బట్ట రెండు పొరలు వెయ్యి. ఆ రింగు ఎప్పుడు దిగుతుందో ఏమో."