చెంబులో గులాబీలు

గుణదలలోని ఒక మేడగదిలో, ఆయిల్ పెయింటింగ్ నేర్పే మాస్టారు తన శిష్యురాలి బొమ్మ ముందు నిలబడ్డారు. ఆమెది చీరలు నేసే కుటుంబం. నాలుగు రోజులుగా ఆమె చూసి వేస్తున్న గులాబీలు బల్లమీద ఇత్తడి చెంబులో ఉన్నాయి.

“ఇవి పూలా అమ్మా, చీరమీద బుటాలా?”

“గులాబీలేనండీ.”

“తొమ్మిదీ ఒకే అచ్చులో పోసినట్టున్నాయి. మగ్గం బుద్ధి ఎక్కడికి పోతుంది!”

“మగ్గాన్ని అనకండి మాస్టారూ. తప్పుంటే నాది.”

“సరే, మీదే. చెంబులోవి చూడండి. మెడలు వాల్చేశాయి, సగం రేకులు బల్లమీదే ఉన్నాయి. మీ బొమ్మలో మాత్రం పెళ్లికి తయారైనట్టు నిలబడ్డాయి.”

“మొదటిరోజు అలాగే ఉన్నాయండీ. వాడినవి వేస్తే ఎగ్జిబిషన్లో ఎవరు చూస్తారని...”

“వీటిని మాత్రం ఎవరు చూస్తారు? స్వీట్ల డబ్బా మూతకి పనికొస్తాయి.”

ఆమె రంగులు కలిపే కత్తి తీసుకుని, ఇంకా ఆరని గులాబీలన్నిటినీ పైనుంచి కిందికి గీకేసింది.

“అయ్యయ్యో, నాలుగు రోజుల పని! అంత కోపమైతే ఎలాగమ్మా?”

“కోపం కాదండీ. మీరన్నది నిజమే. రేపటికి ఈ రేకులు కూడా ఎండిపోతాయి, ఇప్పుడే వేయాలి.”

“ఇప్పుడేంటి? క్లాసు అయిపోయిందిగా.”

“మీ క్లాసు అయిపోయిందండీ. కాస్త ఆ కిటికీ దగ్గర్నుంచి తప్పుకోండి, పూలమీద వెలుతురు పడట్లేదు.”