మొండిబావి మలుపులో కరుణమ్మ

కాలువ కట్ట మీద మొండిబావి ఉంది చూశారా, అదే, గట్టు సగం కూలి లోపల జమ్ము మొలిచిన బావి, మేకలు కూడా మొహం తిప్పుకుని పోతాయి, దాని సంగతి అడిగారు కాబట్టి చెప్తాను. మధ్యలో లేచిపోయేవాళ్ళు ఇప్పుడే లేవండి. సగం విన్న దెయ్యం కథ ఊరంతా తిరుగుతుంది, తిరిగి వచ్చేసరికి దానికి కోరలు మొలుస్తాయి. ఏమే రాహేలూ, ఆ పిల్లని ఒళ్ళో పడుకోబెట్టుకో, ఏడిస్తే నా మాట వినపడదు. మీరంతా రేపు పొద్దున్నే మిరప కోతకి ట్రాక్టరెక్కేవాళ్ళు, అందుకని ఇవాళే చెప్పాలి.

ఆ బావిలో దెయ్యముందని నా చిన్నప్పటి నుంచీ అంటూనే ఉన్నారు. ఎవరో మోట తోలే మనిషి ఎద్దులతో సహా పడి చచ్చాడట, ఆయన పేరేమిటో ఎవరికీ తెలీదు, ఏ ఇంటివాడో తెలీదు, కాళ్ళు వెనక్కి తిరిగి ఉంటాయని మాత్రం అందరికీ తెలుసు. సరే, దానికి మనవాళ్ళు ఒక పద్ధతి పెట్టుకున్నారు. ఆ మలుపులో బండి ఆపకూడదు, నెమ్మది చేయకూడదు, దెయ్యం ఎక్కే సందివ్వకుండా ఒక్క ఊపులో దాటేయాలి. ఎడ్లబండ్ల రోజుల్లో ఎడ్ల తోకలు మెలిపెట్టేవాళ్ళు. ఎడ్లు ఎంత ఉరికితే మాత్రం ఎంత? తర్వాత ట్రాక్టర్లొచ్చాయి, పద్ధతి మాత్రం అదే. బండి బోల్తా పడితే దెయ్యం పడేసిందన్నారు, దెయ్యం పడేస్తోంది కదా అని ఇంకా వేగంగా తోలారు. నవ్వుతున్నారు, నవ్వండి. ఆ రోజున నేనూ ఆ పద్ధతిలోనే ఉన్నాను.

ఇది ఇరవై ఏళ్ళ కిందటి మాట. అప్పుడు కోత కూలీల ముఠాకి మేస్త్రీని నేను, పద్నాలుగు మంది ఆడవాళ్ళం. అందులో కరుణమ్మ నాకు తోడికోడలు. మా మరిది అప్పటికే పోయాడు, దానికి ఒక్కతే కూతురు, సువార్త. కరుణమ్మకి నోరెక్కువ అనేవాళ్ళు, అంటే ఏమీ లేదు, అడగాల్సిన చోట అడిగేది. ఆ సంవత్సరం వీరరాఘవులు చేలో కోత అయిపోయింది, ఆఖరి రోజు, కళ్ళంలో ఎండిన కాయంతా బస్తాల్లో తొక్కి ట్రాలీలో ఐదు వరసలు పేర్చారు. ట్రాక్టరు ఆయన సొంతం, డ్రైవరు సాంబయ్య. మబ్బు పట్టింది. రెండు తిప్పులు ఎందుకు, బస్తాల మీదే ఎక్కండి, ఒకటే తిప్పులో అందరూ ఇల్లు చేరతారు అన్నాడు వీరరాఘవులు. అందరూ ఎక్కుతున్నారు. కరుణమ్మ కిందే నిలబడింది.

"సాంబయ్యన్నా, గడ్డిమోపు నెత్తినెట్టుకుని గబుక్కున తిరిగితే మనమేమవుతాం? ఇది అంతకంటే ఎత్తుందే. ముందు బస్తాలు దించిరా, మేం ఆగుతాం."

సాంబయ్య వీరరాఘవులు మొహం చూశాడు. బస్తాలు తడిస్తే నష్టం నువ్విస్తావా అన్నాడాయన. "బస్తాలు తడుస్తాయని నీ బెంగ, మేం పడితే ఎవరి బెంగ బాబూ?" అంది కరుణమ్మ. అందరూ గొల్లున నవ్వారు. అప్పుడు పై నుంచి నేనేమన్నానో తెలుసా? "ఎక్కవే, నీకొక్కదానికే ఉందా ప్రాణం?" అన్నాను. ఎక్కింది మరి. మేస్త్రీ మాట కదా.

కట్ట మీద పోతున్నాం, ఇంకా వెలుతురుంది, మలుపు కనపడింది. సాంబయ్య చెడ్డవాడు కాదు, లోడు ఊగుతోందని తెలిసి వేగం తగ్గించాడు. తగ్గించేసరికి నా కళ్ళెదుట మొండిబావి, "ఆపకు సాంబయ్యా, తోలు తోలు" అని అరిచాను. నా వెనక ఇంకో నలుగురు అరిచారు. అతనూ ఈ ఊళ్ళో పుట్టినవాడే కదా, తొక్కాడు. ఇంజను మలుపు తిరిగింది, ట్రాలీ తిరగలేదు. పైన బరువంతా కాలువ వైపు ఒరిగింది, ఆ పక్క చక్రం మెత్తటి మట్టిలో దిగింది, ఇవతలి చక్రం గాల్లోకి లేచింది, ఆ తర్వాత ఆకాశం కింద ఉంది. నా భుజం ఎముక అప్పుడే విరిగింది, ఈ చెయ్యి ఇప్పటికీ దీనిపైకి లేవదు. ముగ్గురికి కాళ్ళు పోయినంత పనైంది. కరుణమ్మ ట్రాలీ అంచు కింద పడింది, మనుషులొచ్చి ట్రాలీ ఎత్తేసరికి ఊపిరి లేదు.

ఇక వినండి. ఆ సాయంత్రానికే తెల్లచీర ఒకటి బండికి అడ్డం వచ్చిందన్న మాట పుట్టింది, మోటాయనకి చీరెక్కడిదని ఎవరూ అడగలేదు. తెల్లారేసరికి ట్రాలీలో ఉన్న అందరూ దాన్ని చూసినవాళ్ళే అయ్యారు, ఊళ్ళో ఉండి పేడ ఎత్తుకుంటున్నవాళ్ళు కూడా చూశారు. వీరరాఘవులు మా ఇంటికొచ్చి మంచం మీద కూర్చుని, దెయ్యం చేసినదానికి మనుషులేం చేస్తారు, నువ్వూ అదే చెప్పు, వచ్చే ఏడు కోత కూడా మీ ముఠాకే అన్నాడు. తెలివైన మాటే. దెయ్యానికి సమన్లు ఎవరిస్తారు? దెయ్యం ఎక్కడ సంతకం పెడుతుంది? తోలినవాడి తప్పు లేదు, ఎక్కించినవాడి తప్పు లేదు. నేను సరేననలేదు, కాదనీ అనలేదు.

అలా ఉండగా ఆ మలుపులోనే ఒక మోటారుసైకిలాయన జారి పడ్డాడు. ఈసారి మోటాయన్ని అందరూ మర్చిపోయారు, కరుణమ్మే పడేసిందన్నారు. అప్పటి నుంచి సువార్తకి కష్టమొచ్చింది. పదిహేడేళ్ళ పిల్ల. అది ఎక్కిన బండిని తల్లి లాగేస్తుందని దాని పక్కన ఎవరూ ఎక్కరు, చేలో నీళ్ళకుండ ముట్టుకోనివ్వరు, ఏ ముఠాలోనూ పిలవరు. ఏ ముఠాలోనూ అన్నానా, నా ముఠాలోనే. నేను చూస్తూ ఊరుకున్నాను. కడుపులో నా అరుపే ఉంది, ఇంక నోరెలా లేస్తుంది?

టౌనులో ఇందుమతి అని ఒక వకీలమ్మ సువార్త తరఫున నష్టపరిహారం కేసు వేసింది. ఆమె మా ఇంటికొచ్చి, అందరూ దెయ్యమనే చెప్తే ఈ పిల్లకి న్యాయం లేదు, తల్లి మీద పడ్డ దెయ్యం పేరూ పోదు, బస్తాల మీద కూర్చున్నవాళ్ళలో ఒక్కరైనా జరిగింది జరిగినట్టు చెప్పాలి అంది. చూస్తానన్నాను.

వాయిదా ముందురోజు మిట్టమధ్యాహ్నం ఆ కట్ట మీదే నడిచొస్తున్నాను. కూలిన గట్టు మీద కరుణమ్మ కూర్చుని ఉంది. ఒళ్ళో చేట, మిరపకాయలకి తొడిమలు తీస్తోంది. కాళ్ళు ముందుకే ఉన్నాయి, నేను చూశాను.

"ఏంటక్కా, బండ్లు పడేస్తున్నానంట నేను?" అంది.

నేను దగ్గరికెళ్ళి గట్టు పక్కన నిలబడ్డాను.

"పడిపోయి నడుం విరిగినదాన్ని నేనే. నేనింకొకర్ని పడేస్తానా? ఆ మోటాయన కూడా లేడు ఇక్కడ. వచ్చిన రోజు నుంచీ వెతుకుతూనే ఉన్నా. నేనొక్కదాన్నే."

కాసేపు తొడిమలు తీసుకుంది. తర్వాత, "నా పిల్లని కుండ ముట్టుకోనివ్వట్లేదంటగా, నీ ముఠాలో" అంది. కోపంగా కూడా అనలేదు. అంతే. ఎండదెబ్బ అన్నారు మా ఆయన. మీరూ అలాగే అనుకోండి, నాకు పేచీ లేదు.

మర్నాడు బోనెక్కాను. అవతలి వకీలు తెల్లచీర చూశావా అన్నాడు, చూడలేదన్నాను. డ్రైవరు నెమ్మది చేస్తే తోలమని అరిచిందెవరు అన్నాడు, ఎవరు చెప్పారో ఏమో ఆయనకి. నేనేనండి అన్నాను. ఎక్కనంటే ఎక్కించింది కూడా నేనేనండి అన్నాను. ఆయన మొహం వెలిగిపోయింది, తప్పంతా ఈమెదే అని జడ్జిగారికి దండం పెట్టాడు. జడ్జిగారు సాంబయ్యని పిలిచి స్టీరింగు ఎవరి చేతిలో ఉందన్నారు. నా చేతిలోనేనండి అన్నాడు. బస్తాల మీద మనుషుల్ని ఎక్కించమన్నదెవరన్నారు. సాంబయ్య తలొంచుకుని, ఓనరుగారండి అన్నాడు. అతని పనీ ఆ రోజుతోనే పోయింది.

తీర్పు రావడానికి ఇంకో మూడేళ్ళు పట్టింది. పైన కూర్చున్నవాళ్ళు భయపడి వంద అరుస్తారు, తోలేవాడు మలుపుని బట్టి తోలాలి, సరుకు బండిలో అంతెత్తున మనుషుల్ని ఎక్కించిన ఓనరు తప్పించుకోలేడు అని రాశారు. ఇన్సూరెన్సువాళ్ళు మా కాగితం పొలం పనికే గాని ట్రాలీలో మనుషులకి కాదని పక్కకి తప్పుకున్నారు, పరిహారమంతా వీరరాఘవులు మీదే పడింది. వకీలమ్మ చదివి చెప్పింది, చావుకి కారణం అన్నచోట వేగం, లోడు ఎత్తు అని ఉంది, దెయ్యం అన్న మాట ఎక్కడా లేదు. సువార్త ఆ ముక్క రెండుసార్లు చదివించుకుంది.

మర్నాడు సువార్తని వెంటబెట్టుకుని చేలోకి వెళ్ళి, ముఠా అంతా చూస్తుండగా కుండలో చెంబు ముంచమన్నాను. అది ముంచింది, నేను తాగాను. ఆ పని మొదటి రోజే చేయాల్సింది, చేయలేదు. నా తర్వాత ఒక్కొక్కళ్ళూ వచ్చి తాగారు. నేను సాక్ష్యం చెప్పినప్పటి నుంచీ వీరరాఘవులు మమ్మల్ని పిలవలేదు, పక్కూళ్ళకి నడిచి వెళ్ళాం.

అంతే కథ. రేపు ట్రాక్టరాయన బస్తాల మీద ఎక్కమంటే ఎక్కొద్దు, ఏ మేస్త్రీ తిట్టినా ఎక్కొద్దు. ఆ మలుపు ముందు దిగి నడవండి, ట్రాలీ దాటాక ఎక్కండి. బావి దగ్గర మాత్రం నిలబడకండి. కరుణమ్మ ఏమీ చేయదు గానీ, ఆమెకి భయపడి బండ్లు వేగంగా తోలుకుంటూ వచ్చేవాళ్ళు ఈ ఊళ్ళో ఇంకా ఉన్నారు.