గోడకెక్కని గుడ్డ

శ్రీకాళహస్తిలో చిన్నబ్బ కలంకారీ బొమ్మలు గీస్తాడు, నవాబు ఆ గుడ్డలను స్వర్ణముఖి ఏట్లో ఉతికి రంగు కాస్తాడు. ముప్పై ఏళ్ళుగా ఇదే వరస. ఆ ఉదయం నవాబు వచ్చేసరికి చిన్నబ్బ పేపరు ముందేసుకుని, చాన్నాళ్ళకు హుషారుగా కనిపించాడు.

“పదకొండు కోట్ల చందాలా, నవాబూ? ఒక్క తిరుపతి సభలోనేనా? సరిగ్గా సూసి చెప్పప్పా, నా కంటద్దాలు పాతబడినాయి.”

“పదకొండే అన్నా.”

“గొడుగు పార్టీకి?”

“తొమ్మిది. పోయిన వారం వాళ్ళ సభలో.”

“అధికారంలో ఉండి తొమ్మిదే. మన గంట పార్టీకి పదకొండు. ఇంగ ఎలచ్చన్లు పెట్టల్నా అప్పా?”

“దుడ్డిచ్చినోళ్ళంతా ఓట్లేసే జనం కాదు కదన్నా.”

“ఎవురైతే ఏమి. గెలిచే పక్కకే దుడ్డు పోతాది. గంటోళ్ళు వస్తే ఇసుక లారీలు ఆగిపోతాయి. ఏట్లో మళ్ళా నీళ్ళు పారతాయి. నువ్వు మళ్ళా మోకాటి లోతులో నిలబడుకోని ఉతుకుతావు.”

“రవ్వన్ని నీళ్ళు తాగుతానన్నా. చెంబు యాడుండాది?”

“ఆడే. ఏమప్పా, మొగం అట్లా పెట్టుకోనుండావు?”

“ఎండ.”

“తొమ్మిదికే ఎండనా?”

“మూడు నెల్లుగా మా పొయ్యి మీద రంగు బాన ఎక్కలేదన్నా. మొగం ఎట్లుంటాది?”

“ఎక్కుతాదిలే. గంటోళ్ళకు మనమిచ్చిన గుడ్డ సంగతి ఏమన్నా రాసినారా పేపర్లో?”

“రాసినార్లే.”

“రాసినారా? ముందే చెప్పవేమప్పా. ఏమని?”

“బాగుందని.”

“బాగుండక? నాలుగు నెలలు గీసినా. తొమ్మిది గళ్ళు. మొదటి గడిలో నిండా పారే ఏరు. తర్వాత లారీలు, జేసీబీలు. కడాన వట్టి ఇసుక గుంతలు, వాటి నడుమ గుడ్డ చేతబట్టుకోని నువ్వు. దాని కింద ‘అయ్యా, మా ఏరు మాకియ్యండి’ అని రాసినా.”

“మరిచిపోతానా? నిలవ నీళ్ళలో ఉతికితే బొమ్మలకద్దిన పటిక పాకి తెలుపంతా మరకలైపోతాదని, ఆటోలో తెలుగుగంగ కాలవ కాడికి మోసుకోని పోయినా. వాచ్‌మను తరిమితే మర్నాడు మళ్ళా పోయినా.”

“నువ్వు కాయితం మీద అర్జీ ఇద్దామంటివి. కాయితమైతే చించి పారేస్తారు, గుడ్డ మీద గీసిస్తే గోడకు తగిలిస్తారు, దినామూ నాయకుని కంట్లో పడతాదని నేనే అంటిని గదా.”

“అంటివి.”

“ఇప్పుడు చెప్పు. యాడ తగిలించినారంట?”

“అన్నా, కాయితమైతే ఎవురూ కొనరు.”

“అంటే?”

“ఆ సభలో వేలం పెట్టినారు, పార్టీ ఫండు కోసరం. వినాయకుని లడ్డు పాడినట్టు పాడినారంట.”

“దేన్ని?”

“పేపర్లో ఫోటో కూడా ఉండాది. నీ అద్దాలు…”

“నవాబూ, దేన్ని?”

“మన గుడ్డనే అన్నా.”

“అర్జీని వేలమేసినారా?”

“నలభై లక్షలకు పోయింది. మన జిల్లా చేనేత అని మైకులో చెప్పినారంట.”

“అది చేనేత కాదప్పా. కలంకారీ.”

“మైకులో చెప్పింది చెప్తాండా.”

“కింద రాసింది ఒక్కరూ చదవలేదా?”

“కొన్నాయన చదివినాడంట. నవ్వినాడంట.”

“ఎవురు?”

“సునీల్‌కుమారు.”

“ఇసుక కాంట్రాక్టరా? వాడు గొడుగు పార్టీ కదప్పా. వాళ్ళ సభలో దుడ్డిచ్చినోళ్ళలో మొదటి పేరు వాడిదేనని పోయిన వారం నువ్వే చదివితివి.”

“ఈ సభలో కూడా మొదటి పేరు అదే. ఆడ రెండు కోట్లు, ఈడ రెండు కోట్లు. ఈడ దాని పైన మన గుడ్డ.”

“అయితే ఎవురు గెలిచినా…”

“ఊ.”

“ఎవురు గెలిచినా లారీలు తిరగతానే ఉంటాయి.”

“తిరగతానే ఉంటాయన్నా.”

“వాడు ఈ పార్టీ గడప తొక్కేదానికి నా చేత్తో నేనే గీసిచ్చినా గదప్పా.”

“అట్లనొద్దు.”

“ఇంగెట్లనల్ల? పో, ఇంటికి పో. ఈ మాట చెప్పేదానికే వచ్చినావా?”

“దీనికే కాదు.”

“ఇంగేముండాది?”

“నిన్న రాత్రి ఆ సునీల్‌కుమారే ఫోన్ చేసినాడు. మాకెందుకు లేదని గొడుగోళ్ళు అలిగినారంట. వేలానికి వాళ్ళకూ అట్లాంటిదే ఒకటి కావల్లంట. బొమ్మలు అవే. కింద రాత కూడా ఉండనీ, బాగుందన్నాడు.”

“నువ్వేమంటివి?”

“ఏట్లో నీళ్ళు లేవు, యాడ ఉతికేదయ్యా అంటిని.”

“బాగంటివి. దానికేమన్నాడు?”

“ట్యాంకరు పంపిస్తా, పైపు వదిలితే పారే నీళ్ళు కాదా అన్నాడు.”

“ట్యాంకరుకు నీళ్ళు యాడివంట?”

“మన ఏటివే. ఇసుక గుంతలో మోటారు పెట్టి తోడినవి.”

“థూ. వాడి ట్యాంకరు ఈ వీధిలోకి వస్తే అద్దాలు పగలగొడతా. అట్లనే చెప్పినానని చెప్పు.”

“పగలగొట్టొద్దన్నా.”

“ఏం, ఎందుకు పగలగొట్టకూడదు?”

“వీధి మొదట్లో నిలబడుకోనుండాది. నేను దాంట్లోనే వచ్చినా.”