చిన్నతాత కొలవని బ్లాకు

ఏమే, దాన్ని అలా లాగకు! బల్ల కింద నుంచి జారిందంటే కాలి వేళ్ళు మిగలవు. ఉత్త ఇనప దిమ్మ అనుకున్నావా, మీ తాత ప్లేటు అది. ఉండు, ఇద్దరం పట్టుకుందాం... ఆఁ, ఇలా. అమ్మో, నాతోపాటు ఇదీ బరువెక్కినట్టుంది. దేనికంటావేంటే? కారుకి టర్బో పెట్టిస్తానని ఇంజను బ్లాకు మోయించుకుని వచ్చింది నువ్వు, దేనికని నన్నడుగుతున్నావా? కూర్చో. ఆ డబ్బా మీద కూర్చో, స్టూలు కాలు ఊగుతుంది. దాన్నీ మీ తాత బాగుచేస్తాననే అన్నాడు. అందరి ఇంజన్లూ బాగుచేశాడు మహానుభావుడు, మనింట్లో స్టూలు మాత్రం ఇంకా ఊగుతూనే ఉంది. సరే, ఏం చెప్తున్నాను?

ఆఁ, ప్లేటు. చూడు, బ్లాకులో పిస్టన్లు ఆడే ఈ గుండ్రటి బోర్లు ఉన్నాయే, వీటిలో సానరాళ్ళు తిప్పి నున్నగా చెయ్యడం మీ తాత పని. పైన మూతలా హెడ్ పెట్టి బోల్టులు బిగించేసరికి ఈ ఇనుము కాస్త నలుగుతుంది. కంటికి కనపడదులే. మామూలు బండికైతే మేమూ పట్టించుకునేవాళ్ళం కాదు. టర్బో అలా కాదుగా, గాలిని కుక్కి కుక్కి పంపిస్తుంది. ఆ ఒత్తిడికి హెడ్ లేవకుండా బోల్టులు ఇంకా గట్టిగా బిగించాలి. దాంతో బోరు కోడిగుడ్డు తీరుకి తిరిగి, పిస్టన్ రింగులు పట్టక, బండి ఆయిలు తాగేసి పొగ కక్కుతుంది. అందుకని మీ తాత ఏం చేశాడంటే, హెడ్ బదులు ఈ ప్లేటు బిగించి, నలిగిన బోరునే గుండ్రంగా సాన పట్టేవాడు. ప్లేటు తీసేశావనుకో, వంకరగా కనిపిస్తుంది. కారులో హెడ్ బిగించగానే మళ్ళీ గుండ్రం. ఆయనా అంతేలే, సెలవు రోజు అన్నీ వంకర మాటలు, నెత్తిన పని పడితే బంగారం.

ఇదంతా మీ చిన్నతాత కోసం మొదలైంది. ఇప్పుడంటే పళ్ళ సెట్టు పెట్టుకుని బోసినవ్వు దాచుకుంటున్నాడు గానీ, అప్పుడు కొండ దారుల్లో కార్ల పందేలకి పోయేవాడే! మొదటిసారి టర్బో వేస్తున్నాడు. అప్పటికే మీ తాతకి ఎడమ చెయ్యి వణుకు మొదలైంది. టీ గ్లాసు నిండా పొయ్యనిచ్చేవాడు కాదు. వీధిలో అందరికీ తెలుసు, ఎవరూ నోరెత్తరు. బోల్టులు నేనే బిగించేదాన్ని, షట్టరు సగం దించి. ఆ బ్లాకు ప్రాణం పెట్టి చేశాడు. ప్లేటు సంగతి మాత్రం తమ్ముడికి చెప్పలేదు. పందెం అయ్యాక చెప్పి ఏడిపించాలట! ఆయన సరదాలు అలా ఉండేవి.

మీ చిన్నతాత బ్లాకు తీసుకెళ్ళి ఊరుకుంటాడా, బోరు గుండ్రం చూసే గేజీ పెట్టి కొలిచాడు. ప్లేటు లేదుగా, వంకర కనిపించకేం చేస్తుంది? సాయంత్రం వచ్చి గుమ్మంలోనే నిలబడ్డాడు. “అన్నయ్యా, ఏమీ అనుకోకు. చెయ్యి స్వాధీనంలో లేదు కదా నీకు. దీన్ని ఇంకొకళ్ళ చేత చేయిద్దాంలే” అని, మెల్లగా. కేకలేసినా బాగుండేదే తల్లీ. జాలిపడ్డాడు. మీ తాత తలెత్తకుండా “సరేరా” అన్నాడు. అంతే. సానపట్టే మిషను మీద గుడ్డ కప్పేశాడు.

నాకు ఒళ్ళు మండింది. “ప్లేటు ఉందని చెప్పడానికి నోట్లో ఏం పెట్టుకున్నావయ్యా?” అని అరిచాను. “చెప్తే ప్లేటును నమ్ముతాడే, నన్ను కాదుగా” అన్నాడు. చూశావా పంతం! “వాడికి సైకిలు నేర్పింది నేను, వెనక పట్టుకున్నానంటే వెనక్కి చూడకుండా తొక్కేవాడు, ఇప్పుడు సాక్ష్యం కావాలా” అని ఆయన ఉక్రోషం. పోన్లే అనుకుంటే ఆ గుడ్డ తియ్యడు. అన్నం కెలికి లేచిపోతాడు. చెయ్యి వణకడం నేను చూడగలను గానీ, ఆ చేతిని ఒళ్ళో పెట్టుకుని కూర్చోవడం చూడలేకపోయాను.

ఇంక నేనే మీ చిన్నతాతని బ్లాకుతో సహా రప్పించాను, అది ఇంకొకళ్ళ చేతికి పోకముందే. ప్లేటు పెట్టి బిగిస్తుంటే, “వదినా, నువ్వా!” అని నోరెళ్ళబెట్టాడు. “నేనే. మాట్లాడకుండా ఇప్పుడు కొలువు” అన్నాను. కొలిచాడు. తుడిచి మళ్ళీ కొలిచాడు. ఎటు కొలిచినా గుండ్రమే. అన్నదమ్ములు క్షమించమని అనుకుంటారుటే ఎక్కడైనా? తిన్నగా మిషను దగ్గరికెళ్ళి, ఆ గుడ్డ తీసి, మడతపెట్టి బల్ల మీద పెట్టాడు. “అన్నయ్యా, టీ తాగొద్దాం పద” అన్నాడు. ఇద్దరూ వెళ్ళారు. నాకు తేలేదనుకో, అది వేరే సంగతి.

తర్వాతేడు ఇంకో బ్లాకు తెచ్చాడు. మీ తాత చేసిచ్చాడు. గేజీ పెట్టె బండిలోనే ఉంది, నేను చూశాను. తియ్యలేదు. బ్లాకు ఎక్కించుకుని “వస్తా అన్నయ్యా” అని వెళ్ళిపోయాడు. బండి మలుపు తిరిగేదాకా మీ తాత గుమ్మంలోనే ఉన్నాడు. “కొలవలేదే వాడు” అన్నాడు. చేతులు కడుక్కుంటూ అన్నాడు, భోంచేస్తూ అన్నాడు. విన్నానయ్యా అంటే మళ్ళీ అన్నాడు. ఇంజను ఎలా ఉందిరా అని ఎప్పుడడిగినా ఈయన “పాడుతోంది అన్నయ్యా” అనేవాడు. అబ్బ, ఆ మొహం చూడాలి నువ్వు! అదే ఆయన ఆఖరి బ్లాకు.

ఆయన పోయాక ఎప్పుడో, ఇక్కడే, నువ్వు కూర్చున్నచోటే కూర్చుని మీ చిన్నతాత చెప్పాడు. ఆ ఆఖరి బ్లాకును ఇంటికెళ్ళి కొలిచాడట. తనూ ఒక ప్లేటు చేయించుకుని, బిగించే కొలిచాడట. ఈసారి నిజంగానే వంకర. వేరే చోట మళ్ళీ బోరు పెద్దది చేయించి, దానికి సరిపడే పిస్టన్లు వేయించాడు. “కొలవకుండా ఎలా ఉంటాను వదినా, కొండ దారిలో ప్రాణం కదా. కానీ అన్నయ్య ముందు కొలవలేకపోయాను” అని చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. నేనూ ఏడ్చాను. ఇన్నేళ్ళూ పాడుతోంది, పాడుతోంది అని ఎంత చక్కగా అబద్ధమాడాడే...

ఏంటే అలా చూస్తావ్? మీ చిన్నతాత దగ్గర ఈ మాట ఎత్తావంటే ఊరుకోను. ఆ రెంచి ఇలా ఇవ్వు. రేపు మీ మామయ్య వచ్చి సాన పడతాడు, ప్లేటు మాత్రం నేనే బిగిస్తాను. చివరిది కాదే, మధ్య బోల్టు ముందు. అయ్యాక గేజీ తెచ్చుకో. నా ఎదురుగానే కొలుచుకో, నాకు మీ తాతంత పంతం లేదు.