రాజు వేషానికి విరమణ లేదు

1989వ సంవత్సరం జూన్ 14వ తేదీన మన శాఖ గద్వాల కార్యాలయంలో టైపిస్టుగా బాధ్యతలు స్వీకరించిన శ్రీమతి బాలమణి గారు, మూడున్నర దశాబ్దాల సుదీర్ఘ సేవానంతరం, వనపర్తి కార్యాలయ సూపరింటెండెంటుగా ఈ నెలాఖరున పదవీ విరమణ చేయనున్నారు. ఈ అభినందన సంచికకు వారిని గురించి వ్రాయవలసిందని నన్ను కోరిన మిత్రులు, వారి నాటక జీవితాన్ని ఒక్క వాక్యంలో ముగిస్తే హుందాగా ఉంటుందని కూడా సెలవిచ్చారు. మిత్రుల మాట మీద నాకు గౌరవముంది, పాటించే ఉద్దేశం మాత్రం లేదు. గద్వాల నుంచి నాగర్‌కర్నూలు దాకా రాజు వేషం కట్టి వేల జనాన్ని మెప్పించిన మహిళ మన మధ్య కూర్చుని పనిచేస్తే, ఆమె దస్త్రాలు చక్కగా పరిష్కరించారని వ్రాసి చేతులు దులుపుకోవడం నా వల్ల కాదు. దస్త్రాలు మనమందరమూ పరిష్కరిస్తూనే ఉన్నాం.

బాలమణి గారు గద్వాల చేనేత కుటుంబంలో జన్మించారు. తండ్రి కీర్తిశేషులు కురుమూర్తి గారు పగలంతా మగ్గం మీద చీర నేసి, నాటకమున్న నాడు తానే చీర కట్టి రాణి వేషం ధరించేవారు. ఒక పర్యాయం రాజు వేషధారి పని వెతుక్కుంటూ హఠాత్తుగా పుణె వెళ్లిపోవడంతో ఆట ఆగిపోయే పరిస్థితి ఏర్పడింది. సాధనలో విని విని పద్యాలన్నీ కంఠస్థం చేసిన కూతురికే ఆయన కిరీటం కట్టారు. ఆనాడు తండ్రి రాణి, కూతురు రాజు! బంధువులు భగ్గుమన్నారు, ఆడపిల్లకు మీసమేమిటని ఇంటి మీదికి వచ్చారు. కురుమూర్తి గారు మగ్గం దిగకుండానే జవాబిచ్చారట: "నేను చీర కట్టి రాణినైతే దండం పెట్టిండ్రు. నా బిడ్డ మీసం పెట్టి రాజైతే మీకేం నొప్పి?" వచ్చినవారు కాసేపు గొణిగి వెళ్లిపోయారు.

ఉద్యోగంలో చేరిన తరువాత కూడా వారు వేషం మానలేదు. సెలవు రోజున ఆట, పని దినాన పని, ఈ రెంటికీ పొత్తు పెట్టలేదు. తండ్రి కాలం నుంచి వారు ఆడుతున్న నాటక బృందంలో ఒక కట్టడి ఉంది. ముఖానికి రంగు పూసి కిరీటం కట్టిన తరువాత, ఆ రంగు కడిగేదాకా వేషధారిని ఎవరూ సొంత పేరుతో పిలువరాదు. పిలిచిన మనిషి, అతడు ఎంతటివాడైనా, హార్మోనియం ముందు కొబ్బరికాయ కొట్టాలి. కొట్టేదాకా హార్మోనియం పలకదు.

అప్పటి పై అధికారి ఒకరికి ఈ కట్టడి తెలియదు. తమ కార్యాలయపు మహిళా ఉద్యోగి మీసం పెట్టుకుని గంతులేస్తూ శాఖ పరువు తీస్తున్నదని ఎవరో పితూరీ చెప్పగా, ఆయన ఒక ఆదివారం మధ్యాహ్నం అమరచింతకు జీపు వేసుకుని వచ్చారు. అక్కడ పందిరి కింద ఆట రసవత్తరంగా సాగుతోంది. వచ్చీ రాగానే వేదిక ముందుకు నడిచి, "బాలమణీ! ముందు కిందికి దిగు!" అని గర్జించారు. హార్మోనియం టక్కున ఆగింది. బృందానికి పెద్ద అయిన భీమన్న గారు ఒక కొబ్బరికాయ పట్టుకుని ఆయన దగ్గరికి వచ్చారు.

"సార్, తెల్వక పిలిచిండ్రు, నేను తప్పు పడ్తలేను. గానీ కాయ కొట్టకుంటే ఆట సాగదు."

"ఏం మాట్లాడుతున్నావయ్యా? ఆమె నా ఆఫీసులో టైపిస్టు!"

ముందు వరుసలో చాప మీద కూర్చున్న ఒక ముసలమ్మ అందుకున్నది: "టైపిస్టు గిట్ల ఈడ ఎవ్వరు లేరు నాయనా. రాజున్నడు. జర కాయ కొట్టి కూసో, ఆటకు అడ్డం రాకు."

జనం మొత్తం ఆయన వైపే చూస్తుండగా అధికారి గారు కాయ కొట్టారు. బాలమణి గారు వేదిక మీద ఒక్క అడుగు కూడా వెనక్కు వేయక, ఆగిన పద్యాన్ని ఆగిన చోటి నుంచే ఎత్తుకున్నారు. అధికారి గారు కూర్చోలేదు, జీపెక్కి వెళ్లిపోయారు.

సోమవారం ఉదయం ఆయన బాలమణి గారిని గదిలోకి పిలిచి, మాట మీద మాట పేర్చి తిట్టారట. ఆమె అంతా విని, మెల్లగా అడిగారు: "నిన్న రాజు మీద కోపమొస్తే ఇయ్యాల టైపిస్టు మీద తీర్చుకుంటరా సార్?" ఆ ప్రశ్నకు సమాధానంగా కల్వకుర్తికి బదిలీ ఉత్తర్వు వచ్చింది. అది శిక్ష అనుకున్నారు పాపం! ఏడాది తిరగక ముందే కల్వకుర్తి పరిసరాల రైతులను కూడగట్టి, బాలమణి గారు అక్కడ కొత్త బృందాన్ని నిలబెట్టారు.

జూనియర్ అసిస్టెంటుగా కల్వకుర్తిలోనూ, సీనియర్ అసిస్టెంటుగా నాగర్‌కర్నూలులోనూ వారు చేసిన సేవ ఎందరికో ఆదర్శప్రాయం. వారి సాహచర్య భాగ్యం నాకు లభించింది నాగర్‌కర్నూలులోనే. ఒకనాడు నోటీసు బోర్డు మీదున్న వారి ఫొటోకు ఎవరో పెన్నుతో మీసాలు గీశారు. నాకు ఒళ్లు మండి, ఇది ఏ వెధవ పని అంటూ అరిచాను. వారు నా చేతిలోని పెన్ను తీసుకుని, "గీత కిందికి పోయింది హెప్సిబా, రాజు మీసం పైకుండాలె" అంటూ ఆ మీసాన్ని మెలివేసి దిద్దారు. ఫొటో అలాగే ఉంచమన్నారు. గీసిన ఘనుడు ఎవరో ఈ సంచిక చదువుతూనే ఉంటాడు, అతడికి నా నమస్కారాలు.

గత వారం అభినందన సభకు కుటుంబాన్ని ఆహ్వానించడానికి వారి ఇంటికి వెళ్లాము. కుమారుడు భానుప్రకాశ్ గారు నాతో తమ బాధ చెప్పుకున్నారు. బాలమణి గారి భర్త మల్లేశ్ గారు జీవించి ఉన్నంత కాలం వేషాల పెట్టె ఆయనే మోసేవారు. ఇప్పుడు తల్లి ఒంటరిగా ఆ పెట్టెతో బస్సులెక్కుతుంటే కొడుకు మనసు ఆగదు గదా! అందుకు ఆయనను నేను తప్పు పట్టను.

"మీరన్నా చెప్పున్రి మేడం, నా మాట ఇనదు," అని నాతో అని, ఆయన తల్లి వైపు తిరిగారు. "అమ్మా, ఆఫీసు అయిపోయింది. వేషం గూడ ఇప్పెయ్. ఈ వయసుల మీసమేంది?"

బాలమణి గారు చిక్కుడుకాయలు తుంచుతూ, తల ఎత్తకుండానే అన్నారు: "ఆఫీసుకు వయసు సర్కారు పెట్టింది బిడ్డా, దిగిపోతున్న. వేషానికి వయసు పెట్టినోడు ఎవడు? తోల్కరా, మాట్లాడ్త."

ఎవరిని తోలుకొస్తాము? అలాంటివాడు ఈ మూడు జిల్లాల్లో పుట్టలేదు, పుట్టినా ఆమె ఎదుట నిలువలేడు.

అక్కా, విశ్రాంత జీవితం సుఖంగా గడపాలని ఆచారంగా వ్రాసే వాక్యం మీకు నప్పదు గనుక నేను వ్రాయడం లేదు. భగవంతుడు మీ మోకాళ్లకు బలాన్ని, కంఠానికి నిండుతనాన్ని, మీకు సంపూర్ణ ఆరోగ్యంతో కూడిన నూరేళ్ల ఆయుష్షును ప్రసాదించాలని, ఆ నూరేళ్లలో ఒక్క ఆట కూడా తప్పిపోకూడదని ప్రార్థిస్తున్నాను. వచ్చే ఆదివారం బల్మూరులో మీ ఆట ఉంది. ఒక్క వాక్యంతో సరిపెట్టమన్న మిత్రులతో సహా కార్యాలయమంతా బయలుదేరుతోంది. వేషాల పెట్టెకు ఒక పక్క నేను పట్టుకుంటాను. రెండో పక్క భానుప్రకాశ్ గారు పట్టుకోవాలి.

– హెప్సిబా, సీనియర్ అసిస్టెంట్, వనపర్తి